స్కూల్ గ్రూప్‌లో దండం పెట్టేశాను, చదవలేదు

వెనకాల టకటకమని చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి. మా తమ్ముడు డాబా మీద క్రిస్మస్ స్టార్ కోసం వెదురు బద్దలు చీలుస్తున్నాడు. ఆదివారంతో ఆగమన కాలం మొదలైంది కదా, ఇంక వాణ్ని ఆపలేం.

ఈ ఎపిసోడ్ కొంచెం వేరుగా ఉంటుంది. సినిమా కబుర్లు లేవు, ఎగ్జామ్ టిప్స్ లేవు. మా తమ్ముడి స్కూలు నుంచి నిన్న ఒక చలికాలం సర్క్యులర్ వచ్చింది. దాన్ని మీ ముందు చదువుతాను. నవ్వకండి. "స్కూల్ సర్క్యులర్‌కి కూడా ఒక ఎపిసోడా అక్కా" అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారు, తెలుసు. ఎందుకు చదువుతున్నానో ముందు చెప్తాను. అది చెప్పకపోతే మిగతాదంతా నీతులు చెప్తున్నట్టు ఉంటుంది.

మాది ఏలూరు దగ్గర ఒక ఊరు. నేను డిగ్రీ రెండో సంవత్సరం. తమ్ముడు ఏడో తరగతి, సిస్టర్లు నడిపే కాథలిక్ స్కూల్లో. నేనూ పదో తరగతి వరకు అక్కడే చదివాను. ఇలాంటి స్కూళ్లు ఉన్న ఊళ్లలో ఉండేవాళ్లకి తెలిసే ఉంటుంది, పేరుకి ఆర్‌సీఎం స్కూలే గానీ క్లాసులో అందరూ ఉంటారు. ఇప్పుడీ సీజన్లో గేటు దగ్గర నిలబడితే, అయ్యప్ప మాల వేసుకున్న నాన్న బండి మీద ఒక పిల్లాడు దిగుతాడు, వెనకాల ఆటోలోంచి స్కార్ఫ్ కట్టుకున్న ముస్లిం పాప దిగుతుంది, మాలాంటి ఆదివారం పూజకి వెళ్లే ఇళ్ల పిల్లలు సైకిళ్ల మీద వస్తారు. చలి మాత్రం అందరికీ ఒకటే.

మా నాన్న లారీ డ్రైవర్. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆయనది బటన్ ఫోను, అమ్మదీ బటన్ ఫోనే. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది నాది. అడ్మిషన్ ఫారంలో వాట్సాప్ నంబర్ అని ఉంటే నాదే రాశాం. అంటే పేరెంట్స్ గ్రూప్‌లో మా ఇంటి తరఫున పేరెంట్‌ని నేనే. ఇది వింటున్న మీలో చాలామంది పరిస్థితి ఇదేనని నా అనుమానం. చెల్లి స్కూల్ గ్రూప్, తమ్ముడి ట్యూషన్ గ్రూప్, అమ్మ డ్వాక్రా గ్రూప్, అన్నీ మీ ఫోన్లోనే మోగుతుంటాయి. అవునా కాదా?

పోయిన సంవత్సరం డిసెంబర్ మొదటి వారంలో ఆ గ్రూప్‌లో ఒక సర్క్యులర్ వచ్చింది. పొడుగు మెసేజ్. పైన క్రిస్మస్ ప్రోగ్రామ్ తేదీ, డాన్స్ డ్రెస్‌కి డబ్బులు ఎంత, అంతవరకు చూశాను. కింద "మరింత చదవండి" అని నీలం రంగులో ఉంటుంది చూడండి, అది నొక్కలేదు. అందరూ దండం ఎమోజీలు పెడుతున్నారు, నేనూ ఒక దండం పెట్టేశాను. అమ్మతో "డ్రెస్‌కి మూడొందల యాభై అంట" అని చెప్పాను. అయిపోయింది.

సరిగ్గా పది రోజులకి. పొద్దున్న ఆరున్నర. మా బాత్‌రూమ్‌లో ప్లగ్ పాయింట్ లేదు. హాల్లో నుంచి జంక్షన్ బాక్స్ వైరు లాగి, స్టీలు బకెట్ మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, దానికి హీటర్ రాడ్ తగిలించి నీళ్లు కాచుకుంటాం. ఎన్నో ఏళ్ల నుంచి అలాగే. అమ్మ వంటింట్లో తమ్ముడికి బాక్స్ కడుతోంది. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని రీల్స్ చూస్తున్నాను. వాడు స్నానానికి వెళ్లి, నీళ్లు వేడెక్కాయో లేదో చూద్దామని చెయ్యి పెట్టాడు.

నాకు అరుపు వినపడలేదు. షాక్ కొడితే కెవ్వున అరుస్తారని మనం అనుకుంటాం. నాకు వినపడింది బకెట్ నేలకేసి గడగడలాడిన చప్పుడు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఒక మూలుగు. అమ్మ చూసి "ఒరేయ్" అంటూ చెయ్యి చాపి వాడి మీదికి పరిగెత్తింది. తను పట్టుకుని ఉంటే ఈరోజు నేను ఈ వీడియో ఎలా చేసేదాన్నో నాకు తెలీదు.

నేను చేసింది ఒక్కటే పని. గుమ్మం పక్కనున్న మెయిన్ దించేశాను. తెలివితేటలు కాదు. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు ఫ్యాన్ విప్పినా, బల్బు మార్చినా "మెయిన్ దించవే" అని నా మీదే అరుస్తాడు. చిన్నప్పటి నుంచి ఆ పని నాది. చేతికి అలవాటు, అంతే.

వాడు కింద పడ్డాడు. గడ్డం పంపుకి తగిలి చీరుకుపోయింది, నాలుగు కుట్లు. రెండు వేళ్లు కాలాయి. పక్కింటి అంకుల్ ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. ఈసీజీ తీసి, గుండె సరిగ్గానే కొట్టుకుంటోందని చెప్పి, అయినా సాయంత్రం దాకా ఉంచుకుని పంపించారు. కరెంటు షాక్ తగిలాక పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా గుండె కొట్టుకునే తీరులో తేడా రావచ్చు, అందుకే ఇంట్లో పడుకోబెట్టకుండా చూపించాలి అన్నారు. ఇది మీరూ గుర్తు పెట్టుకోండి.

రెండు రోజుల తర్వాత లీవ్ లెటర్ ఇవ్వడానికి నేనే స్కూలుకి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు నాకు ఎనిమిదిలో సైన్స్ చెప్పారు. జరిగిందంతా విన్నారు. ఏమీ తిట్టలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "మూడో పాయింట్ అదే కదమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపించారు. మూడో పాయింట్: వాటర్ హీటర్ స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కింద ఎమోజీల వరసలో నా పేరు.

"నువ్వు దండం పెట్టావు తల్లీ. చదివావనుకున్నాను" అన్నారు.

ఇంతకంటే గట్టిగా నన్నెవరూ తిట్టలేదు ఇప్పటిదాకా.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఒక రాత్రి వాడు నిద్రపోయాక చెప్పాను. "స్కూల్ వాళ్లు ముందే రాశారమ్మా, నేనే చదవలేదు" అని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "నాకు తెలుగు చదవడం వచ్చు కదే. నీ ఫోన్లో ఉన్నది నాకెలా కనిపిస్తుంది? ఇకమీదట ఏది వచ్చినా నాకు వినపడేట్టు చదువు." అంతే అంది. అప్పటినుంచి మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక ఐదు నిమిషాలు ఇదే పని. స్కూల్ గ్రూప్‌లో వచ్చింది నేను పైకి చదువుతాను. అమ్మ వింటుంది, వాడూ వింటాడు. నాన్న ఉంటే ఆయనా వింటాడు, మధ్యలో ఆవలిస్తాడు గానీ వింటాడు.

సరే. ఇప్పుడు ఈ సంవత్సరం సర్క్యులర్. ఉన్నదున్నట్టు కాకుండా, ఒక్కో పాయింట్ చెప్తూ నాకు తెలిసింది కలుపుతాను. మీ ఇంట్లో పిల్లలు ఏ స్కూలైనా పరవాలేదు, వినండి.

మొదట వార్తలు. క్రిస్మస్ ప్రోగ్రామ్ సెలవులకి ముందు, సాయంత్రం పూట. ఇక సెలవుల సంగతి. ఇది ప్రతి ఏడూ గొడవే. మన దగ్గర మిషనరీ స్కూళ్లకి క్రిస్మస్ సెలవులు ఎక్కువ ఇస్తారు, సంక్రాంతి సెలవులు మిగతా స్కూళ్ల కంటే తక్కువ ఉంటాయి. పక్కింటి పిల్లలకి ఇంకా సెలవులున్నాయి కదా అని మనవాళ్లు అమ్మమ్మ ఊర్లోనే ఉండిపోతారు. ఇక్కడ స్కూలు తెరిచేస్తారు, పిల్లాడికి ఆబ్సెంట్ పడుతుంది. కాబట్టి బస్సు టికెట్ బుక్ చేసే ముందు మీ స్కూల్ ఇచ్చిన తేదీలే చూసుకోండి. టీవీలో "స్కూళ్లకి సంక్రాంతి సెలవులు" అని స్క్రోలింగ్ వస్తే అది మీ స్కూలుకి అలాగే వర్తించదు. ఆ తర్వాత జనవరి 26 పరేడ్ ప్రాక్టీసు, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. మా స్కూల్ నుంచి పెద్ద పిల్లల్ని తీసుకెళ్తారు. గుణదల విషయం చివర్లో చెప్తాను, అక్కడ కూడా ఒక జాగ్రత్త ఉంది.

ఇక జాగ్రత్తలు. ఈసారి హీటర్ రాడ్‌ని మొదటి పాయింట్‌గా పెట్టారు. ఎందుకో నాకు తెలుసు.

రాడ్‌లో జరిగేది ఏంటంటే, పైన కనిపించే గొట్టం లోపల కాయిల్ ఉంటుంది. కాయిల్‌కీ గొట్టానికీ మధ్య కరెంటు బయటికి రాకుండా ఆపే ఒక పొడి నింపుతారు. గొట్టం ఎక్కడైనా చిల్లు పడినా, పైన సీల్ పాడైనా తేమ లోపలికి వెళ్తుంది. అప్పుడు కరెంటు గొట్టానికి, నీళ్లకి వస్తుంది. బకెట్ స్టీలుదైతే బకెట్ మొత్తానికి వస్తుంది. పైకి చూస్తే రాడ్ మామూలుగానే పని చేస్తుంటుంది, నీళ్లు కాగుతూనే ఉంటాయి. అందుకే "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు" అన్న మాట పనికిరాదు. మా ఇంట్లోనూ ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు.

వరస ఇదీ. ముందు రాడ్‌ని గుర్తు ఉన్నంతవరకు నీళ్లలో ముంచాలి, తర్వాత స్విచ్ వెయ్యాలి. అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కాసేపు ఆగి రాడ్ బయటికి తియ్యాలి. ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. వేడెక్కిందా లేదా అని వేలు పెట్టి చూడటం అనేది ఉండకూడదు, పెద్దవాళ్లు కూడా. మూడు పిన్నుల ప్లగ్ ఉండాలి, ఆ ఎర్త్ పిన్నుకి గోడలో నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బాక్సులో దూర్చే ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఇంకొకటి, దీని గురించి నాకు పోయిన సంవత్సరం వరకు అసలు తెలీదు. ఇంట్లో ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదు అనుకుంటాం. ఎంసీబీ ఎక్కువ కరెంటు లాగినప్పుడు వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడదు. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలలోకి పోతుంటే పసిగట్టి కట్ చేసేది వేరే ఉంటుంది, ఆర్‌సీసీబీ అంటారు. ఇళ్లకి 30 మిల్లీ యాంప్స్‌ది పెట్టిస్తారు. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే టప్ మని పడాలి. మేం సంక్రాంతికి బట్టలు కొనడం మానేసి అది పెట్టించాం. నిజంగానే.

ఎవరికైనా షాక్ కొడుతుంటే చెయ్యి పెట్టి లాగొద్దు. మెయిన్ దించండి. మెయిన్ ఎక్కడుందో తెలీకపోతే ఈ రాత్రికే చూసుకోండి, మీ ఇంట్లో చిన్నవాళ్లకి కూడా చూపించండి. మెయిన్ అందకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని నెట్టాలి, మీ కాళ్ల కింద తడి లేకుండా చూసుకుని. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, వాళ్లు చెప్తున్నట్టు ఛాతీ మీద నొక్కుతూ ఉండండి.

రెండో పాయింట్, వేణ్ణీళ్లు ఒలికి కాలడం. చిన్నపిల్లలున్న ఇళ్లలో చలికాలం ఎక్కువ. బకెట్‌లో ముందు చన్నీళ్లు పొయ్యాలి, తర్వాత వేడినీళ్లు కలపాలి. ముందు మరిగిన నీళ్లు పోసి చన్నీళ్ల కోసం పంపు దగ్గరికి వెళ్లిన ఆ అర నిమిషంలోనే పిల్లలు చెయ్యి పెడతారు. కాలితే పంపు కింద పారే మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐసు వద్దు. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, పిండి, ఏదీ వద్దు. అవన్నీ డాక్టర్ మళ్లీ కడగాల్సి వస్తుంది, పిల్లాడికి రెండోసారి నొప్పి. ముక్కు దిబ్బడకి ఆవిరి పట్టేటప్పుడు కూడా అంతే, మరిగే గిన్నెని పిల్లల ఒళ్లో పెట్టకండి.

మూడోది కుంపటి. మా వైపు తక్కువ గానీ, లంబసింగి, చింతపల్లి, పాడేరు వైపు, అటు తెలంగాణలో ఆదిలాబాద్ వైపు ఉన్నవాళ్లు ఇది బాగా వినండి. హాస్టళ్లలో ఉండే పిల్లలు కూడా. తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, వికారం, మత్తుగా నిద్ర వస్తున్నట్టు ఉంటుంది. చలికాలం కదా, నిద్ర అనే అనుకుంటారు. అందులోంచి లేవరు. "పొగ లేదు కదా, నిప్పులే కదా" అంటారు. పొగ కనిపించకపోయినా ఆ వాయువు ఉంటుంది.

గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ కూడా ఇదే పని చేస్తుంది. సిటీలో అద్దె ఇళ్లలో, పీజీల్లో ఉండే మీలాంటివాళ్లకి ఇది ముఖ్యం. గీజర్ బయట ఉండాలి. స్నానానికి వెళ్లినవాళ్లు ఎంతసేపటికీ పలకకపోతే తలుపు కొట్టి ఊరుకోకండి, తలుపు తీయించండి. ముందు బయట గాలిలోకి తేవాలి, తర్వాత 108.

నాలుగు, రోడ్డు. మా వైపు కాలువలు, చేపల చెరువులు, కొల్లేరు. డిసెంబర్, జనవరిలో తెల్లవారితే పొగమంచు మామూలుగా ఉండదు. హైవే మీద పది అడుగుల దూరంలో ఉన్న లారీ కనపడదు. మా నాన్న ఒక మాట అంటాడు: "మంచులో నీకు నేను కనపడకపోవడం వేరు, నాకు నువ్వు కనపడకపోవడం వేరు. సైకిల్ మీద ఉన్నవాడికి రెండోదే ముఖ్యం." పదో తరగతి వాళ్లకి పొద్దున్నే స్పెషల్ క్లాసులు పెడతారు కదా, ఇంకా చీకటి ఉండగానే పిల్లలు సైకిళ్లు తీస్తారు. వాళ్ల కోసం ఈ మాట. సైకిల్ వెనక మెరిసే రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించండి, సైకిల్ షాపులో పది ఇరవై రూపాయల్లో దొరుకుతుంది. బ్యాగ్ మీద కూడా ఒకటి. నల్ల స్వెట్టర్ వేసుకుంటే దాని మీద స్కూలు తెల్ల షర్టైనా కనిపించేలా చూడండి. మంకీ క్యాప్ చెవులు మూసేస్తుంది, వెనక హారన్ సరిగ్గా వినపడదు. ఇక చెవుల్లో ఇయర్‌ఫోన్స్ గురించి నేను చెప్పక్కర్లేదు. మంచు మరీ దట్టంగా ఉంటే అరగంట ఆలస్యంగా రండి, లోపలికి రానిస్తాం అని సిస్టర్ ఈసారి స్పష్టంగా రాశారు. గేటు మూసేస్తారన్న భయంతోనే పిల్లలు మంచులో స్పీడుగా తొక్కుతారు. మీ స్కూల్లో ఈ మాట రాయకపోతే, మీటింగ్‌లో అమ్మానాన్నల్ని అడగమనండి.

బండి నడిపేవాళ్లు మంచులో లైటు డిమ్‌లో పెట్టండి. హై బీమ్ వేస్తే వెలుగంతా మంచు మీద పడి తెల్లటి గోడలా మీ కళ్లకే కొడుతుంది. రోడ్డు మీద ఆపొద్దు, ఆపాల్సి వస్తే పూర్తిగా మార్జిన్ దిగి ఆపండి.

స్కూల్ ఆటో. ఒకరోజు మీరే ఎదురెళ్లి చూడండి. ఎంతమంది ఉన్నారు, డ్రైవర్ పక్కన ఎవరైనా వేలాడుతున్నారా, బ్యాగులు బయటికి ఉన్నాయా. చూశాక అమ్మకి చెప్పండి. ఇక బండి మీద పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి: నాలుగేళ్లు దాటిన ఎవరికైనా హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్‌తో పాటు బండి నడిపేవాళ్లకి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న రూల్ ఇది. అలాగే పదో తరగతి చెల్లికి స్కూటీ ఇచ్చి పంపడం. నేను చదివేటప్పుడు నా ఫ్రెండ్స్ చాలామంది అలాగే వచ్చేవాళ్లు. మైనర్ బండితో దొరికితే బండి ఇచ్చిన తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని చట్టంలోనే ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టండి, మంచులో ఆ పిల్లకి బ్రేకు ఎప్పుడు వెయ్యాలో తెలీదు.

ఐదు, క్రిస్మస్ సామాను. ఇది మా తమ్ముడిలాంటి వాళ్లకి. వెదురు, రంగు కాగితం, లోపల బల్బు. బల్బు ఎల్‌ఈడీది పెట్టండి, పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం అంటుకుంటుంది. పశువుల పాక కట్టేటప్పుడు ఎండుగడ్డి పరుస్తాం కదా, ఆ గడ్డి మీదే సీరియల్ సెట్ వైరు వెళ్తుంది, పక్కనే కొవ్వొత్తి. ఈ మూడూ ఒకచోట ఉండకూడదు. వైరు జాయింట్లకి టేపు చుట్టాలి, డాబా మీద రాత్రి మంచుకి తడుస్తాయి. పడుకునే ముందు ప్లగ్ తీసెయ్యండి. అర్ధరాత్రి పూజకి వెళ్లేటప్పుడు ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించి తాళం వెయ్యకండి. అక్కడ డాన్స్ చేసే పిల్లల డ్రెస్సులన్నీ సిల్కు, నెట్టు గుడ్డలే, చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తులు ఇచ్చే ఐటం ఉంటే బ్యాటరీ కొవ్వొత్తులు అడగండి. మా స్కూల్లో ఈ సంవత్సరం అవే వాడుతున్నారు.

సంక్రాంతికి కూడా ఇదే మాట. భోగి మంట దగ్గర నైలాన్ బట్టలు వద్దు, పెట్రోలు పొయ్యడం వద్దు, టైర్లు వెయ్యడం వద్దు. గాలిపటాలకి చైనా మాంజా కొనొద్దు. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా దొరుకుతోంది. బండి మీద వెళ్లేవాళ్ల మెడకి తగిలితే కత్తిలా కోసేస్తుంది. ఆ నాలుగు రోజులు బండి నడిపేవాళ్లు మెడకి మఫ్లర్ చుట్టుకోండి, నెమ్మదిగా వెళ్లండి.

ఆరు, ఆరోగ్యం. ఇది త్వరగా చెప్పేస్తాను. పిల్లలు చలికి నీళ్లు తాగరు, బాటిల్ నిండుగా వెనక్కి వస్తుంది, చూడండి. పరేడ్ ప్రాక్టీసుకి ఏమీ తినకుండా పంపొద్దు, నిలబెట్టిన పది నిమిషాలకి కళ్లు తిరుగుతాయి. ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఇంట్లో అల్మారాలో కాదు, బ్యాగులో ఉండాలి, క్లాస్ టీచర్‌కి తెలియాలి. జలుబుకి మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వెయ్యకండి. జలుబు ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, వైరస్ మీద ఆ మందు పని చెయ్యదు.

చివరిగా గుణదల. 1924 నుంచి ఉన్న పుణ్యక్షేత్రం, ఆ మూడు రోజులూ విజయవాడ కొండ మీదికి లక్షల్లో జనం వస్తారు. పిల్లల జేబులో అమ్మానాన్నల పేరు, ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చెప్పండి. పిల్లలకి 1098 అనే నంబర్ నేర్పించండి, పిల్లల సాయం కోసం ఉన్న నంబర్ అది. ఏ ఎమర్జెన్సీకైనా 112.

ఇవీ పాయింట్లు. ఇప్పుడు సర్క్యులర్ చివర్లో ఈ సంవత్సరం కొత్తగా చేర్చిన రెండు లైన్లు చదువుతాను. "దయచేసి ఈ మెసేజ్‌కి దండం ఎమోజీ పెట్టవద్దు. ఇంట్లో అందరికీ చదివి వినిపించి, మీ ఇంట్లో హీటర్ రాడ్ ఉందో లేదో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో పిల్లల చేత డైరీలో రాయించి, సంతకం పెట్టి పంపండి."

నిన్న రాత్రి మా వాడు డైరీ తెచ్చాడు. హీటర్ రాడ్ లేదు, అమ్మేశాం... అమ్మేయడం కాదు, నాన్న సుత్తితో వంచి పారేశాడు, ఇంకొకళ్ల చేతికి వెళ్లకూడదని. ఇప్పుడు గ్యాస్ పొయ్యి మీదే కాచుకుంటున్నాం. మెయిన్ స్విచ్ ఎక్కడ అన్న దగ్గర వాడు "గుమ్మం పక్కన, అక్కకి తెలుసు" అని రాశాడు. నేను కొట్టేయించి "నాకు తెలుసు" అని రాయించాను. వాడి వేళ్ల మీద మచ్చ ఇంకా ఉంది, పెన్ను పట్టుకుంటే కనిపిస్తుంది. అమ్మ సంతకం పెట్టింది.

మీకు నా రిక్వెస్ట్ ఒక్కటే. ఈ వీడియో అయ్యాక ఇంకో రీల్‌కి వెళ్లిపోకుండా, మీ ఫోన్లో మ్యూట్ చేసి పెట్టిన ఆ స్కూల్ గ్రూప్ తియ్యండి. పైకి స్క్రోల్ చేసి, మీరు చదవకుండా వదిలేసిన చలికాలం మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. "మరింత చదవండి" నొక్కండి. తర్వాత వంటింట్లోకి వెళ్లి అమ్మకి వినపడేట్టు చదవండి. అమ్మ "తర్వాత చదువులే" అంటుంది. అయినా చదవండి. ఇంట్లో ఫోన్ మన చేతిలో ఉందంటే, ఆ మెసేజ్ ఇంటికి చేరిందో లేదో అన్న బాధ్యత కూడా మన చేతిలోనే ఉంది.

ఏమైనా వదిలేస్తే కామెంట్లలో రాయండి. మీ ఊళ్లో చలికాలం ఇంకేం జాగ్రత్తలు చెప్తారో అవి కూడా రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఈలోపు నేను డాబా మీదికి వెళ్లి ఆ స్టార్‌లో వీడు ఏ బల్బు పెడుతున్నాడో చూసి వస్తాను. జాగ్రత్తగా ఉండండి. మళ్లీ కలుద్దాం.